తూకం తగ్గిన ముద్ద

పోయినవారం నన్ను ఏ స్థితిలో వదిలేసి మీరు పత్రిక మూశారో నాకు బాగా గుర్తుంది. ఒక చేతిలో కాటా, ఇంకో చేతిలో మా అమ్మ ప్లేటు. ఏడు రోజులుగా అలాగే నిలబడి ఉన్నాను పాపం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కల్లో సంగతి చెప్పి, నేనూ కూర్చుంటాను.

నేను తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌ని. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. మా అమ్మ రిటైరైన డ్రిల్లు టీచరు. ఆవిడ రోడ్డు మీద ఎదురైతే నలభై దాటిన మగవాళ్ళు కూడా ఇప్పటికీ పొట్ట లోపలికి లాక్కుంటారు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. గురువారం గురువారం "రిటైర్డు టీచర్ల మీటింగు" అని చెప్పి బయల్దేరే ఈ మహాతల్లి, నిజానికి మార్కెట్టు వెనకవీధిలో ఉన్న జపాన్ హోటల్లో ఒక్కతే కూర్చుని సుషీ, అదే అన్నం ముద్ద మీద పచ్చి చేపముక్క, తింటోందని తెలిసింది. రెండేళ్ళుగా! మనిషి చూస్తుండగానే సగమైపోయింది. అడిగితే "వాకింగ్ చేస్తున్నానే" అంది. సరే, ఈ గురువారం నేనూ వస్తానని పట్టుబట్టి వెంటపడ్డాను. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఒకే చేప, ఒకే ధర. నా ముందు పెట్టిన ముక్క ఒక సైజు, మా అమ్మ ముందు పెట్టింది అందులో సగం. రెండు ముక్కలు ఆవిడ తినేదాకా ఓపిక పట్టాను. మూడోది కూడా అంతే ఉండేసరికి అరికాలి మంట నెత్తికెక్కి, సంచీలోంచి కాటా తీశాను.

ఇదీ జరిగింది. ఇక జరగబోయేది.

"ఇరవై ఎనిమిది," అని పైకే చదివాను. అది నా ముక్క. దాన్ని నా ప్లేట్లోకి దించి, అమ్మది కాటా మీద పెట్టాను. అంకె కాసేపు తచ్చాడి ఒకచోట ఆగింది. "పన్నెండు! పన్నెండు గ్రాములు!"

"ఒసేయ్, నీకు సిగ్గు లేకపోయినా నాకుందే," అని అమ్మ పళ్ళబిగువున గొణిగింది. "ఆ డబ్బా లోపల పెట్టు."

"నువ్వుండమ్మా."

నా కుడిపక్క సీట్లో యూనిఫాంలోనే ఉన్న బస్సు డ్రైవరు, నోటిదాకా తీసుకెళ్ళిన ముక్కని అక్కడే ఆపాడు. "మేడమ్, పనిలో పనిగా నాది కూడా ఒకసారి..."

"మీది తర్వాత."

"తర్వాతంటే తినేస్తా కదండీ."

నేను అతని వైపు ఎలా చూశానో నాకు తెలియదు కానీ, అతను వెంటనే తినేశాడు.

ఆ హోటల్ గురించి ఒక మాట చెప్పాలి. అంత కోపంలోనూ అది నాకు నచ్చింది. నచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. పొడుగాటి తెల్లచెక్క బల్ల, దాని వెంట ఎనిమిది కుర్చీలు, అంతే. పాలిష్ లేదు, రోజూ తోమి తోమి నున్నబడిన చెక్క. లోపలికి అడుగు పెట్టగానే బల్ల వెనక వంటచేసే మాస్టారూ, ఆయన భార్యా ఇద్దరూ ఒక్కసారిగా "రండి రండి" అన్న అర్థంలో ఏదో జపాన్ మాట గట్టిగా అరుస్తారు. మనం ఏదో గెలిచి వచ్చినట్టు ఉంటుంది. చేతికి వేడి తడిగుడ్డ ఇస్తారు. మాస్టారు ముప్ఫై ఏళ్ళ కిందట జపాన్ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మన భాష శుభ్రంగా మాట్లాడతారు, కాకపోతే ప్రతి మాటా ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చినట్టు నెమ్మదిగా. పెరట్లోకి వచ్చే పిల్లిని కూడా "మీరు" అంటారట. భార్య మాత్రం మన మనిషే, నోరు కూడా మన నోరే. అలాంటి చోట కూర్చుని ఇలాంటి మోసమా అన్నదే నా మంట.

"మాస్టారూ, ఇదేం న్యాయమండీ? పెద్దావిడ. ఒక్కతే వస్తుంది. అడిగేవాళ్ళు లేరనేగా? కళ్ళజోడు కూడా సరిగ్గా పెట్టుకోని మనిషికి పదిమందిలో కూర్చోబెట్టి సగం ముద్ద పెడతారా? నా ఉద్యోగం ఏమిటో తెలుసా మీకు?"

"తెలుసు," అన్నారు మాస్టారు. చేతిలో కత్తిని తడిగుడ్డ మీద పక్కకి పెట్టారు. "అమ్మగారు మీ గురించి చాలా చెబుతారు. మీరు చెప్పింది నిజమే. అమ్మగారి ముక్క చిన్నది."

"పొరపాటున జరిగిందంటారు. అంతేగా?"

"పొరపాటు కాదు. నేను చిన్నదిగానే చేశాను. కొన్ని నెలలుగా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాను."

పంతొమ్మిదేళ్ళలో ఎన్ని సాకులు విన్నానో. గాలికి ముల్లు కదిలిందండీ, తేమ తగిలిందండీ, నిన్ననే కొన్నానండీ, మా బావమరిది కూర్చున్నాడండీ. అవును నేనే తగ్గించాను అని మొహం మీద చెప్పినవాడు ఒక్కడు లేడు. ఇలాంటివాడికి నోటీసు ఎలా రాయాలో కూడా నాకు చప్పున తోచలేదు.

"ఎందుకు తగ్గించారు?" అన్నాను.

మాస్టారు మా అమ్మ వైపు చూశారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఊపి, చెయ్యి చాచి, కాటా మీద ఉన్న ముక్కని తీసుకుని నోట్లో వేసుకుంది. సాక్ష్యాన్ని తినేసింది! డ్రైవరు పుసుక్కున నవ్వాడు. నాకూ నవ్వొచ్చేదే. కానీ అప్పుడే అమ్మ మొహం కనిపించింది.

నేను అమ్మ తినడం చూసి ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తు చేసుకున్నాను. పొద్దున్నే మార్కెట్లకి పోతాను, వచ్చేసరికి సాయంత్రం దాటుతుంది. "నేను తినేశానే, నువ్వు తిను" అంటుంది. సరే అంటాను. ఎన్ని నెలలుగా ఇలా సరే అంటున్నానో. ఇందాక మొదటి రెండు ముక్కలప్పుడూ నా కళ్ళు వాటి సైజు మీదే ఉన్నాయి. ఇప్పుడు జానెడు దూరంలో కూర్చుని ఆవిడ మొహం చూస్తున్నాను. నా బొటనవేలంత ముక్కని ఆవిడ నములుతూనే ఉంది. నమిలి నమిలి గడ్డం ఛాతీకి ఆనించింది. కళ్ళు మూసుకుంది. గొంతు ఒకసారి కదిలింది. దిగలేదు. బల్ల అంచుని రెండు చేతులతో పట్టుకుంది. మళ్ళీ కదిలింది. మాస్టారు రెండు చేతులూ బల్ల మీద పెట్టి, కదలకుండా ఆవిడ గొంతునే చూస్తున్నారు. ఆయన భార్య కడుగుతున్న గిన్నెని కుళాయి కింద అలాగే వదిలేసింది. మూడోసారికి దిగింది. అమ్మ కళ్ళు తెరిచి, కంట్లో నీళ్ళు తుడుచుకుని, ఏమీ జరగనట్టు, "చాలా బాగుంది మాస్టారూ," అంది.

ఆ "బాగుంది" కూడా సరిగ్గా పలకలేదు. కొత్త పళ్ళసెట్టు వల్ల మాట ముద్దగా వస్తోందని నాతో చెప్పింది. నేను నమ్మాను.

"ఏమైందమ్మా?" అన్నాను.

"ఏం కాలేదు. నువ్వు ఆ కాటా తీసేయ్ ముందు."

"ఇంక చెప్పేయండి టీచరుగారూ," అంది మాస్టారి భార్య, కుళాయి కట్టేసి చేతులు తుడుచుకుంటూ. "కన్నకూతురు. ఇంకెన్నాళ్ళు దాస్తారు? మీరు చెప్పకపోతే నేను చెప్తా. నా కడుపులో ఏదీ దాగదు, మీకు తెలుసుగా."

అమ్మ టీకప్పు కేసి తల దించుకుంది. మాస్టారి భార్యే అందుకుంది. "చూడమ్మా, మొదట్లో టీ తాగితే దగ్గేది. టీ వేడిగా ఉందిలే అనుకున్నాం. తర్వాత మంచినీళ్ళు తాగినా దగ్గే. అప్పట్నుంచి మీ అమ్మగారి టీలో నేను కాస్త పిండి కలిపి చిక్కగా చేసి ఇస్తున్నా. అదివరకు నడిమి కుర్చీలో కూర్చుని అందర్నీ ఆటపట్టించేది. ఆర్నెల్లుగా ఈ గోడవార కుర్చీయే. ఎవరూ చూడకుండా రుమాల్లోకి..." అని ఆగిపోయింది. "మేం చూడనట్టే ఉండేవాళ్ళం."

"మీకు చెప్పిందా?"

"ఎక్కడ! ఒక్క ముక్క చెప్పలేదు. ఈయనే పట్టేశాడు."

మాస్టారు తలవంచుకుని మాట్లాడారు. "నా పనిలో చెయ్యడం తక్కువ, చూడడం ఎక్కువ. మనిషి వచ్చి కూర్చోగానే ఏ చేత్తో తింటారో చూస్తాను. నోరు ఎంత తెరుస్తారో చూస్తాను. ఎంతసేపు నములుతారో చూస్తాను. దాన్నిబట్టి నా చెయ్యి అన్నం తీసుకుంటుంది. మా గురువుగారు ఇదే నేర్పారు. సైజు మార్చిన సంగతి తినేవారికి తెలియకూడదు అన్నారు. తెలిస్తే వాళ్ళు సిగ్గుపడతారు. అమ్మగారికి మొదట పదహారు గ్రాముల అన్నం పెట్టేవాడిని. తర్వాత పద్నాలుగు. తర్వాత పది. చేపకి లోపలివైపు సన్నగా గాట్లు పెడుతున్నాను. ఇవాళ అన్నం ఆరు గ్రాములు, చేప ఆరు. మీ యంత్రం సరిగ్గా చెప్పింది."

ఆ చివరి మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నాకు మాత్రం చెంప చెళ్ళుమనిపించినట్టయింది. వారానికి ఒక గంట చూసే పరాయి మనిషికి తెలిసింది. ఒకే కప్పు కింద పడుకునే నాకు తెలియలేదు. ఊళ్ళో ప్రతి కొట్టు కాటా మీదా నా ముద్ర ఉంటుంది. మా ఇంట్లో అన్నం గిన్నె మూత తీసి చూసిన పాపాన పోలేదు నేను.

డ్రైవరు తన ప్లేటు తీసుకుని చప్పుడు చెయ్యకుండా అటు చివరి కుర్చీలోకి వెళ్ళిపోయాడు. మంచివాడే.

"డాక్టరు దగ్గరికి వెళ్ళావా?" అన్నాను.

"ముగ్గురి దగ్గరికి వెళ్ళాను."

"ఎవరితో?"

"నా కాళ్ళతో."

"అమ్మా!"

"అరవకు. ఇది నీ మార్కెట్టు కాదు." అమ్మ చిక్కటి టీని చెంచాతో కలిపింది, తాగలేదు. "జబ్బుకి ఏదో పొడుగు పేరు చెప్పారు. నా నోరు తిరగలేదు, నోరు తిరక్కపోవడమే ఆ జబ్బట. నవ్వవేం? డాక్టరు కూడా నవ్వలేదు. నరాలు ఒకదాని తర్వాత ఒకటి పని మానేస్తాయట. నాకు గొంతు దగ్గర మొదలైంది. మింగడం అయిపోతుంది, తర్వాత మాట, ఆ తర్వాత ఊపిరి. మందుందా అన్నాను. లేదన్నాడు. చిన్న కుర్రాడు, పాపం చెప్పడానికి చెమటలు పట్టాయి. నేనే మంచినీళ్ళు ఇచ్చాను."

మా అమ్మకి మందు లేదు. ఆ మాటని ఎటు తిప్పి చూసినా అంతే. ఇంకో ఊరు, ఇంకో ఆసుపత్రి, ఇంకో పెద్ద డాక్టరు అని నా బుర్ర అప్పటికే పరిగెడుతోంది. అది మా అమ్మ నా మొహంలో చదివేసింది.

"అన్నీ అడిగానే. ముగ్గురూ అదే చెప్పారు."

"ఏమీ చెయ్యరా? ఊరికే ఇంటికి పొమ్మన్నారా?"

చిన్నప్పుడు నా రిజల్టు ముందే తనకి తెలిసిపోయినప్పుడు చూసినట్టు అమ్మ నా కేసి చూసింది. కళ్ళజోడు డబ్బా తెరిచి, అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టింది.

ఆసుపత్రి కాగితం. కడుపులోకి గొట్టం అమర్చే చిన్న ఆపరేషను. నోటితో తినలేని రోజున అందులోంచి ఆహారం పంపిస్తారు. కింద తేదీ రాసి ఉంది. చదివాను. మళ్ళీ చదివాను. నా వాచీ చూసుకున్నాను.

"ఇవాళ," అన్నాను.

"ఊఁ."

"మూడింటికి!"

"గట్టిగా చదవకు, అందరికీ చదువొచ్చు."

పన్నెండూ యాభై అయింది. టాక్సీలో ఇరవై నిమిషాలు. నేను అప్పటికే సంచీ భుజానికి తగిలించుకున్నాను. లేచి నిలబడి అమ్మ చెప్పులు ఎక్కడున్నాయో వెతుకుతున్నాను. నాకు ఏడుపు బదులు ఏదో సంతోషం లాంటిది వచ్చింది, చెయ్యడానికి ఒక పని దొరికినందుకు. అప్పుడు ఆ కాగితం అడుగున లావు అక్షరాల్లో ఉన్న మాట కంట్లో పడింది. ఉదయం ఆరు తర్వాత ఏమీ తినకూడదు, తాగకూడదు.

మెల్లగా కూర్చున్నాను.

"తెలిసే తిన్నావా?"

"తెలిసే."

"అమ్మా, ఎందుకే?" ఇరవై ఏళ్ళ తర్వాత మా అమ్మని "ఎందుకే" అని చనువుగా అడిగాను. ఆవిడ ఏమీ అనుకోలేదు.

"ధైర్యం లేక కాదు. ఇంట్లో కూర్చుంటే మూడింటికి లేచి వెళ్ళిపోతానేమోనని భయమేసింది. నువ్వు కళ్ళముందు మెదులుతావు, చచ్చినట్టు వెళ్తాను. అందుకే ముందు తినేసి కూర్చుంటే ఇంక వెళ్ళేందుకు ఉండదు కదా అని వచ్చేశా. నువ్వు వెంటపడతావని నేనేం కలగన్నానా? వద్దందామనుకున్నా. నీతో ఒక్కసారైనా ఇక్కడ కూర్చోవాలని ఆశగా ఉండి నోరు రాలేదు."

"గొట్టం పెట్టినా నోటితో తినొచ్చటగా, తినగలిగినన్నాళ్ళు? ఇందులో రాశారు చూడు."

"ఎన్నాళ్ళు? ఇంకో రెండు గురువారాలు? మాస్టారు ఆరు గ్రాముల నుంచి ఎక్కడికి తగ్గిస్తారు? మెతుకులు లెక్కపెట్టి పెడతారా?" మాస్టారు తల మరింత వంచుకున్నారు. "ఆ తర్వాత సంగతి చెప్పు. మాట ఉండదు. చెయ్యి లేవదు. మంచం మీద పడేసి, గొట్టంలో పోసి, పక్కకి తిప్పి పడుకోబెట్టి. నువ్వు ఉద్యోగానికి సెలవు పెడతావు. సెలవు అయిపోయాక ఉద్యోగమే మానేస్తావు. నాకు తెలియదా నీ సంగతి? మా స్కూలు సంగీతం టీచర్ని మూడేళ్ళు అలా చూసి వచ్చానే నేను. ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. ఆవిడ కళ్ళు ఒక్కటే కదిలేవి. ఆ కళ్ళు నన్ను ఏం అడిగేవో నాకు అర్థమయ్యేది. అర్థం కానట్టు వచ్చేసేదాన్ని."

"నువ్వు ఆవిడవి కాదు."

"అవును. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నన్ను అడిగారు. నేను వద్దంటున్నా."

"ఇంకో తేదీ తీసుకుందాం అయితే. ఆలోచించుకో. వచ్చేవారం."

"వచ్చేవారం లేదు. ఊపిరి ఊదించి చూశారు. ఇంకొంచెం తగ్గితే మత్తుకి తట్టుకోదట. ఇవాళే ఆఖరని గట్టిగా చెప్పారు." అమ్మ నా చేతి మీద చెయ్యి వేసింది. "అయిపోయిందిలే తల్లీ. ఇంక నువ్వూ నేనూ చేసేదేం లేదు. హాయిగా తిను. నీ ముక్క ఎండిపోతోంది."

హాయిగా తినాలట! మా అమ్మ బతికే దారి ఒక్కటే ఉంది, అది ఇంకో రెండు గంటల్లో మూసుకుపోతుంది, ఈవిడ నన్ను హాయిగా తినమంటోంది. నాకు ఒళ్ళు తెలియలేదు. ఫోను తీసి, కాగితం మీద ఉన్న నంబరు నొక్కాను. అమ్మ ఆపలేదు. ఆపినా ప్రయోజనం లేదని తెలిసేమో, ఆపక్కర్లేదని ధైర్యమేమో.

నర్సు ఎత్తింది. పేషెంటు నంబరు చెప్పాను.

"ఆఁ, ఉందండీ. మూడింటికి. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నాం. ముందు రక్తం తియ్యాలి. మీరెవరు?"

"కూతుర్ని."

"సరేనండి. పేషెంటు పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా?"

నేను అమ్మ ఖాళీ ప్లేటు కేసి చూశాను.

"హలో? ఏమైనా తిన్నారా అండీ? చిన్న ముక్క తిన్నా చెప్పాలి. ఈ జబ్బుకి మరీ జాగ్రత్తగా ఉండాలి. మత్తులో ఉండగా కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. తిని ఉంటే చెప్పేయండి, మేం చెయ్యం."

మూడు ముక్కలు. పన్నెండేసి గ్రాములు. ముప్ఫై ఆరు. ముప్ఫై ఆరు గ్రాములు ఒక లెక్కా? పిట్ట తినే మేత. రెండు గంటల్లో అరిగిపోదూ? ఐదు గ్రాముల తేడాకి దుకాణం సీలు చేసి, ఆ యజమాని నా కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగిన మనిషిని నేను. ఆ నేనే ఫోను చెవికి ఆనించుకుని ముప్ఫై ఆరు గ్రాములు ఒక లెక్కా అనుకుంటున్నాను.

మాస్టారు తలెత్తి నన్ను చూస్తున్నారు. ఆయన భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ మాత్రం నా మొహం కేసి కాకుండా నా నోటి కేసి చూస్తోంది, ఇందాక మాస్టారు తన గొంతు కేసి చూసినట్టు.

"లేదండీ," అన్నాను. "ఏమీ తినలేదు. నిన్న రాత్రి నుంచి ఖాళీ కడుపే."

"మంచినీళ్ళు?"

"చుక్క కూడా ముట్టలేదు."

"అయితే వెంటనే తీసుకొచ్చేయండి. రాసుకుంటున్నా."

ఫోను బల్ల మీద పెట్టాను. అటు చివర డ్రైవరు నమలడం మానేశాడు.

"అబద్ధం చెప్పావు," అంది అమ్మ. ఆశ్చర్యంగా. కోప్పడుతుందనుకున్నాను. కోపం ఉంటే బాగుండేది.

"చెప్పాను. పద."

"నీకు అబద్ధం చెప్పడం రాదని ఊరంతా చెప్పుకునేదాన్ని."

"ఇప్పుడొచ్చింది. లే అమ్మా. టైం లేదు."

అమ్మ లేవలేదు. బల్ల వైపు తిరిగి, నిటారుగా కూర్చుని, మైదానంలో పిల్లల్ని పిలిచే గొంతుతో, అంటే అందులో మిగిలినదానితో, "మాస్టారూ, ఇంకోటి పెట్టండి," అంది.

అలవాటు కొద్దీ మాస్టారి చెయ్యి అన్నం తొట్టిలోకి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గర అడిగినవాళ్ళకి లేదనలేదట ఆయన. చెయ్యి బయటికి తీసి, వేళ్ళకి అంటిన మెతుకులు ఒక్కొక్కటే దులిపి, తడిగుడ్డతో తుడుచుకున్నారు. ఒక అడుగు వెనక్కి వేశారు.

"క్షమించండి అమ్మగారూ. ఇవాళ నా చేతికి సైజు తెలియడం లేదు."

అమ్మ ఆయన్ని, వరసలోంచి బయటికి వచ్చేసిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. తర్వాత నా ప్లేటు కేసి తిరిగింది. నేను కోపంలో ముట్టుకోని ముక్క అందులో అలాగే ఉంది. ఇరవై ఎనిమిది గ్రాములు. పన్నెండు గ్రాములది మూడుసార్లకి దిగిన గొంతు అది.

ఆవిడ ఏం చెయ్యబోతోందో నాకు అర్థమయ్యేసరికి ముక్క ఆవిడ వేళ్ళ మధ్య ఉంది. చెయ్యి పైకి లేచింది. నేను గబుక్కున మణికట్టు పట్టుకున్నాను.

ఆ మణికట్టుని జన్మలో నేను ఆపలేదు. తాడులాట పోటీల్లో ఇద్దరు మగ టీచర్లని లాగి పడేసిన చెయ్యి అది. పదిహేనేళ్ళప్పుడు నా డైరీ లాక్కుంటుంటే నా బలమంతా పెట్టి వేలాడాను, చెయ్యితోపాటు నన్నూ ఎత్తేసింది. ఇప్పుడు నేను గట్టిగా పట్టుకోలేదు కూడా, నొప్పెడుతుందేమోనని. అయినా ఆ చెయ్యి ప్లేటుకీ నోటికీ మధ్య అలా ఆగిపోయింది. అమ్మ ఊరికే ఆగిందేమో అనుకున్నాను. ఆవిడ మెడ మీద ఉబ్బిన నరం చూశాక తెలిసింది, ఆవిడ ఉన్న బలమంతా పెడుతోందని. మా అమ్మ కన్నా నేను బలంగా ఉన్నాను. అంత భయం నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

"వదులు," అంది.

"వదలను. ఇది తింటే చచ్చిపోతావు."

"ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆ బల్ల మీద పడుకోబెడితే చావనా? అక్కడ నన్ను చంపేది నీ అబద్ధం. ఇక్కడైతే నా నోరు." మాట ముద్దముద్దగా వస్తోంది, ఒక్కో ముక్కా కూడగట్టుకుని చెబుతోంది. "ఆ నర్సు పిల్లకి ఫోన్ చెయ్యి. తిన్నానని చెప్పు. చెప్పేస్తే దీన్ని ప్లేట్లో పెట్టేస్తా. ఇద్దరం ఇంటికెళ్ళిపోదాం."

"చెబితే నువ్వు నాకు మిగలవమ్మా!"

"చెప్పకపోయినా మిగలనే పిచ్చిదానా."

నేను ఏడుస్తున్నాను. చెయ్యి వదల్లేదు. ఫోను ముట్టుకోలేదు. గోడ మీద గడియారం ఒంటిగంట కొట్టింది. మాస్టారి భార్య "టీచరుగారూ" అని ఒక్కసారి పిలిచి ఆగిపోయింది.

అమ్మ ఖాళీగా ఉన్న ఎడమచేతిని ఎత్తి, నా వేళ్ళ మీద వేసింది. ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. ముందు చిటికెనవేలు. అది విడిపోయింది. ఆవిడ విప్పిందో, నేనే వదిలానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ వేలు పక్కవేలు మీదికి జరిగింది.